క్యారెట్లు పన్నెండు రోజులకే చేదెక్కాయి, తప్పు కొన్న దగ్గరా పెట్టిన దగ్గరా?

మాగుంట_లేఅవుట్_అమ్మ
పోయిన నెలాఖర్లో మా చిన్నోడి పుట్టినరోజుకి హల్వా చేద్దామని రెండు కేజీలు క్యారెట్ తెచ్చా. ఒక కేజీ ఆ రోజే తురిమేశా, హల్వా బాగానే కుదిరింది, పిలకాయలు గిన్నె ఊడ్చి తిన్నారు. మిగిలిన కేజీ ఫ్రిజ్ కింద ట్రేలో పెట్టేసి ఊరెళ్ళాం, తిరిగొచ్చి చూసేసరికి పన్నెండు రోజులు. సగం గడ్డలు వంచితే వంగిపోతుండాయి, కొన్నిటి మీద సుద్ద పూసినట్టు తెల్లగా ఉంది, రెండు మూడింటికి సన్నగా వెంట్రుకల్లాంటి వేర్లు వచ్చాయి. పారేయడం ఎందుకులే అని సాంబార్లో వేస్తే చేదు. కాకరకాయ అంత కాదు గానీ మింగాక గొంతులో నిలబడే చేదు. మా ఆయన ఏమో నువ్వు కొన్నప్పుడే పాతవి అంటాడు, నేను కాదంటా, ఎందుకంటే అదే రోజు అదే కుప్పలోవి హల్వా చేస్తే తియ్యగా ఉన్నాయి గదా. అసలు కొనేటప్పుడు ఏం చూడాలి, తెచ్చాక యాడ ఎట్టా పెట్టాలి, తెలిసినోళ్ళు చెప్పండి. డబ్బు సంగతి అట్టుంచండి, కేజీ గడ్డలు పారేయాలంటే ప్రాణం ఉసూరుమంటుంది.

ఒంగోలు_గిత్త_99
ఫ్రిజ్ ఎన్నేళ్ళది అక్కా? మాది పదేళ్ళది, దాంట్లో ఏది పెట్టినా ఇంతే.

మాగుంట_లేఅవుట్_అమ్మ
మూడేళ్ళే అయింది. పాలూ పెరుగూ అన్నీ బాగానే ఉంటాయి.

కావలి_కోడలు
కడిగి పెట్టారా, కడక్కుండా పెట్టారా?

మాగుంట_లేఅవుట్_అమ్మ
కడిగే పెట్టా. కొన్నప్పుడే మట్టి లేకుండా మెరుస్తూ ఉన్నాయి, అయినా మార్కెట్ సరుకు కదా అని కుళాయి కింద కడిగి అట్టాగే ట్రేలో వేశా. తుడవలేదు.

కావలి_కోడలు
అదే మరి. తడితో పెడితే ఏదీ నిలవదు, మా అత్త రోజూ చెప్పే మాట.

దర్శి_రైతు_బిడ్డ
తడితో పెడితే కుళ్ళాలి గానీ వంగిపోవడం ఏంది, అది నీళ్ళు ఆరిపోతే వచ్చేది. రెండూ ఒకేసారి ఎట్టా వచ్చాయో నాకైతే అర్థం కాలా. మాది మిర్చీ పొగాకూ అనుకో, క్యారెట్ వేయం, కానీ మా మేనమామ బెంగళూరు పక్కన కౌలుకి రెండేళ్ళు వేశాడు, ఆడికి పోయినప్పుడు చూసిన సంగతులు చెప్తా. ముందు పైన తల చూడాలి, ఆకు కోసిన చోటు. అది లేత ఆకుపచ్చగానో లేత గోధుమ రంగులోనో ఉంటే ఈ మధ్య తవ్వినట్టు. నల్లబడి, వేలితో నొక్కితే మెత్తగా దిగిపోతే వదిలేయ్. తల మరీ బండగా వెడల్పుగా ఉంటే లోపల నడిమి భాగం కూడా అంత లావు ఉంటది, ఆ భాగమే ముదిరితే పీచు తేలి చెక్క నమిలినట్టు ఉంటది, తీపంతా బయటి పొరలో ఉంటది. కాబట్టి మరీ పెద్దవి కాకుండా మధ్య రకం, కింద దాకా నున్నగా ఉన్నవి ఏరుకో. నిలువునా పగిలినవి ఎందుకు పగులుతాయంటే, కొన్నాళ్ళు నీళ్ళు లేక ఎండబెట్టి తర్వాత ఒక్కసారిగా తడి తగిలితే లోపల ఉబ్బి పై తొక్క చీలిపోతది. తినొచ్చు, ఆ రోజే వండుకోవాలి, నిలవకి మాత్రం పనికిరావు. రెండు కాళ్ళుగా చీలినవి రాళ్ళ నేలలో పెరిగినవి, వాటితో ఏ ఇబ్బందీ లేదు, చెక్కు తీసేది కష్టం అంతే. ఇంక చివరి పరీక్ష, కొన విరిస్తే టప్ మనాలి. అనకపోతే పాతది.

బండి_సందు_కుర్రోడు
అన్నా అన్నీ బాగా చెప్పావు, ఆ చివరి పరీక్ష మాత్రం వద్దు. మా నాయన స్టోన్‌హౌస్‌పేటలో బండి మీద కూరగాయలు అమ్ముతాడు, నేను కాలేజీ అయినాక సాయంత్రాలు ఆడే ఉంటా. పొద్దున్నుంచి పది మంది కొనలు విరిచి చూసి పెట్టేసి పోతే ఆ పది గడ్డలు ఇంక ఎవురూ కొనరు, విరిచిన చోటు నుంచే ఎండిపోతాయి. విరవాల్సిన పనే లేదు, రెండు చేతుల్తో పట్టుకుని రవ్వంత వంచు, వంగకుండా కర్రలాగా నిలబడితే తాజాది, విల్లులాగా వంగితే పాతది. చేత్తో ఎత్తి చూసినా తెలుస్తది, చూపుకి ఉన్న దానికంటే బరువు తగలాలి.

దర్శి_రైతు_బిడ్డ
సరే తమ్ముడూ ఒప్పుకుంటుండా. బెండకాయ కొనలు విరిచే అలవాటు ఇక్కడా వచ్చేసింది.

ఒంగోలు_గిత్త_99
బెండకాయ అయినా విరవకూడదు, మా చిన్నాన్న కూడా అంగడే 😄

కావలి_కోడలు
బండి సందు తమ్ముడూ, మరి మీరు పొద్దస్తమానం నీళ్ళు చల్లుతారు గదా, అది పాతవాటిని కొత్తవాటిలాగా చూపించేదానికే అంటారు మా ఇంట్లో.

బండి_సందు_కుర్రోడు
అక్కా మోసానికి కాదు. మన నెల్లూరు ఎండలో గంట సేపు గోనె కప్పకుండా వదిలేస్తే గడ్డ మీద ముడతలు పడతాయి, సాయంత్రానికి సగం ధరకి కూడా పోవు. మాకు ఊటీ సరుకు ఎట్టా వస్తదో చెప్తా చూడండి. నీలగిరి కొండల్లో తవ్వినాక ఆడే మిషన్లలో కడిగేస్తారు, ఆడ నుంచి మేట్టుపాళ్యం మండీకి దిగుతాయి, తర్వాత చెన్నై కోయంబేడు, కోయంబేడు నుంచి రాత్రి లారీలో మనకి. కర్ణాటక సరుకయితే కోలారు, మాలూరు వైపు నుంచి వస్తది. ఎట్టా చూసినా మా గంపలో పడేసరికి తవ్వి రెండు మూడు రోజులు అయి ఉంటది. మిషన్లో కడిగేటప్పుడు మట్టితో పాటు పైన ఉండే పల్చటి పొర కూడా రాసుకుపోతది, అందుకే మెరుస్తాయి, అందుకే తొందరగా ఎండుతాయి కూడా. మట్టితో ఉన్నవి దొరికితే చూపుకి బాగోకపోయినా ఇంట్లో నాలుగు రోజులు ఎక్కువ నిలుస్తాయి, ఇది మా నాయన ముప్పై ఏళ్ళుగా చూసిన మాట. కాకపోతే మేం నీళ్ళు చల్లిన గడ్డలు ఆ తడితోనే కవర్లో కట్టి రెండు గంటలు స్కూటీ డిక్కీలో పెట్టుకుని తిరిగి ఇంటికి పోతే ఆ తప్పు మాది కాదు. ఆ వేడికి నల్ల బూజు పట్టేస్తది. తీసుకెళ్ళంగానే బయటికి తీసి పాత గుడ్డతో తుడిచి గాలికి ఆరనివ్వండి.

కావలి_కోడలు
ఇంత కథ ఉందని తెలీదు తమ్ముడూ. ఇంక ఆ మాట అనను.

గూడూరు_జంక్షన్
మెరవడం అంటే గుర్తొచ్చింది, క్యారెట్లకి రంగు వేస్తున్నారని వాట్సాప్‌లో వీడియో తిరుగుతుంది, దూదికి నూనె అద్ది గడ్డ మీద రుద్దితే దూది నారింజ రంగు అయిపోయింది. నేనూ ఇంట్లో చేసి చూశా, నిజంగానే అంటింది. అప్పటి నుంచి కొనడం మానేశాం.

కందుకూరు_టీచరమ్మ
అయ్యో మానేయబాకండి. నేను హైస్కూల్లో సైన్స్ చెప్తాను. క్యారెట్‌కి ఆ రంగు ఇచ్చేదే బీటా కెరోటిన్, అది నూనెలో కరుగుతుంది, నీళ్ళలో కరగదు. తాలింపు పెట్టినప్పుడు నూనె పసుప్పచ్చగా మారేది కూడా దాని వల్లే. కాబట్టి గీరుకున్న గడ్డ మీదో కోసిన ముక్క మీదో నూనె దూది రుద్దితే రంగు అంటక ఏం చేస్తుంది? మీకు అనుమానం ఉంటే గడ్డని కోయకుండా మామూలు నీళ్ళ గ్లాసులో పావుగంట నిలబెట్టండి. నీళ్ళు ఎర్రగా దిగితే అప్పుడు ఆలోచించాలి. దిగదు, నేను ఎన్నోసార్లు పిల్లల ముందు చేశాను. ఒక్క నల్ల క్యారెట్ మాత్రం వేరు, దాని రంగు నీళ్ళలో దిగేదే, అది దాని గుణం, బీట్‌రూట్ నీళ్ళని ఎర్రగా చేసినట్టే.

గూడూరు_జంక్షన్
చలికాలంలో ఎర్రగా పొడుగ్గా వస్తాయి చూడండి, ఢిల్లీ క్యారెట్ అంటారు, అవీ రంగేనేమో అనుకున్నా ఇన్నాళ్ళు.

కందుకూరు_టీచరమ్మ
అది వేరే జాతి అండీ, టమాటాని ఎర్రగా చేసే లైకోపీన్ వాటిలో ఉంటుంది. హల్వాకి వాటిని మించింది లేదు, నీరు ఎక్కువ, తీపి ఎక్కువ. కాకపోతే మా ఇంట్లో చూసినంతలో ఊటీ రకం నిలిచినన్ని రోజులు అవి నిలవవు.

గూడూరు_జంక్షన్
గ్లాసు నీళ్ళ పరీక్ష ఇప్పుడే చేశా. నీళ్ళు తేటగానే ఉన్నాయి. రేపు ఒక అరకేజీ తెస్తా.

పొదలకూరు_నిమ్మ
అందరూ రంగు మీద పడ్డారు, అక్క అడిగింది చేదు గురించి. మాగుంట అక్కా, ఆ ట్రేలో క్యారెట్లతో పాటు ఇంకేం ఉన్నాయి? గుర్తు తెచ్చుకుని చెప్పు.

మాగుంట_లేఅవుట్_అమ్మ
మామగారికి కంటి ఆపరేషన్ అయింది, చూడ్డానికి వచ్చినోళ్ళు తెచ్చిన ఆపిల్స్ ఒక అర డజను, సపోటాలు నాలుగో అయిదో. పచ్చిమిరపకాయలు. అంతే. సపోటాలు మేం వచ్చేసరికి పండి మెత్తగా అయిపోయాయి.

పొదలకూరు_నిమ్మ
దొరికింది దొంగ. నీ చేదుకి కారణం ఆ ఆపిల్సూ సపోటాలూ.

ఒంగోలు_గిత్త_99
ఏందయ్యా ఇది, పక్కన ఆపిల్ కూర్చుంటే క్యారెట్ చేదెక్కుద్దా? ఇంక నయం, దిష్టి తగిలింది అన్లేదు.

పొదలకూరు_నిమ్మ
దిష్టి కాదన్నా, గ్యాసు. నేను నిమ్మకాయల మండీలో గుమస్తాని, సరుకు చెన్నైకీ ఉత్తరాదికీ పంపేటప్పుడు ఏ పండు పక్కన ఏ పండు పెట్టకూడదనేది మాకు తిండి పెట్టే విద్య. పండే ప్రతి పండూ ఇథిలీన్ అనే గ్యాసు వదుల్తది. ఆపిల్, సపోటా, మాగిన అరటి, మామిడి, బొప్పాయి ఇవి బాగా ఎక్కువ వదుల్తాయి, టమాటా కూడా వదుల్తది. మన ఇళ్ళల్లో మామిడికాయల్ని వరిగడ్డిలో కప్పిపెడితే మాగుతాయి గదా, అది ఆ గ్యాసు బయటికి పోకుండా ఉండబట్టే. ఇప్పుడు కార్బైడ్ నిషేధించి, మాగేసే గదుల్లో కొలత ప్రకారం వదలమంటుండేది కూడా ఇదే ఇథిలీన్. పండుకి అది మేలు చేస్తది. క్యారెట్ పండు కాదు, వేరు. దానికి ఈ గ్యాసు సోకితే దెబ్బ తగిలిందనుకుని తనని కాపాడుకునేదానికి ఒక చేదు పదార్థం తయారు చేసుకుంటది, ఐసోకౌమరిన్ అంటారు దాన్ని. చాలా కొద్ది గ్యాసు చాలు, రెండు వారాలు మూసిన ట్రేలో ఉంటే నాలిక్కి తెలిసిపోతది. గీసుకున్న గడ్డలు, కోసిన ముక్కలు ఇంకా తొందరగా చేదెక్కుతాయి. అక్క చెప్పింది చూడండి, కొన్న రోజు తీపి, పన్నెండు రోజులకి చేదు, మూసిన ట్రే, లోపల పండుతున్న సపోటా. అన్నీ కుదిరాయి. కొన్న గడ్డల్లో తప్పు లేదు. అక్క మాటే నిజం, బావగారికి చెప్పండి.

మాగుంట_లేఅవుట్_అమ్మ
ఇది ఇప్పుడే ఆయనకి చదివి వినిపించా!! ఆపిల్స్ తెచ్చింది ఆయన పెదనాన్న వాళ్ళే 😀 మరి ఆ చేదు ఉడికిస్తే పోదా? తింటే ఏమన్నా అవుద్దా?

పొదలకూరు_నిమ్మ
ఉడికించినా పోదు, నువ్వు సాంబార్లో చూశావుగా. ఎక్కువ భాగం తొక్క దగ్గరే ఉంటది కాబట్టి చెక్కు లోతుగా తీస్తే చాలా వరకు తగ్గుద్ది. తింటే ప్రమాదం ఏమీ లేదు, రుచే పోయింది.

ఒంగోలు_గిత్త_99
నేను చూస్తేగానీ నమ్మను. రెండు డబ్బాలు పెడతా, ఒకదాంట్లో క్యారెట్ ఒక్కటే, ఇంకోదాంట్లో క్యారెట్టూ ఆపిలూ. రెండు వారాల తర్వాత ఇక్కడే రాస్తా.

పొదలకూరు_నిమ్మ
చెయ్యన్నా. డబ్బాల మీద పేరు రాయి, ఏది ఏదో మర్చిపోకుండా.

హాస్టల్_పైగది
మాకు ఫ్రిజ్ లేదు. ఒంగోల్లో రూములో నలుగురం ఉంటాం, సాయంత్రం పచ్చి క్యారెట్ తింటాం, కేజీ తెస్తే మూడో రోజుకి రబ్బరు. ఫ్రిజ్ లేనోళ్ళకి దారి లేదా?

కందుకూరు_టీచరమ్మ
క్యారెట్లో వందకి దాదాపు 88 పాళ్ళు నీరే. మామిడికీ దోసకాయకీ ఉన్నట్టు దీనికి మందపాటి తొక్క లేదు, నీళ్ళు ఆపే మైనం పొర కూడా లేదు. మట్టిలో ఉన్నంత సేపు చుట్టూ తేమ ఉంటుంది కాబట్టి దానికి ఆ అవసరం రాలేదు. బయటికి తీశామా, ఇంక నీళ్ళు పోవడమే. మొన్న ఎండల్లో పిల్లలకి చూపిద్దామని సరిగ్గా అరకేజీ తూచి స్టాఫ్ రూమ్‌లో ఫ్యాను కింద పళ్ళెంలో పెట్టాను, మూడో రోజుకి 430 గ్రాములు తూగింది. అంటే 70 గ్రాముల నీళ్ళు గాల్లో కలిశాయి. వందకి ఎనిమిది పాళ్ళ బరువు పోతేనే అమ్మకానికి పనికిరానంత వాడిపోతాయి, మావి పద్నాలుగు పాళ్ళు పోయాయి. మీ రూములోనూ అదే జరుగుతోంది. ఫ్యాను గాలి తగలనివ్వకండి, తడిపి పిండిన నూలు గుడ్డలో చుట్టి, మీ రూములో అన్నిటికంటే చల్లగా ఉండే మూల నేల మీద పెట్టండి, గుడ్డ ఆరితే మళ్ళీ తడపండి. నాలుగైదు రోజులు వస్తాయి. అంతకు మించి ఎండాకాలంలో ఆశపడొద్దు, అరకేజీ చొప్పున తెచ్చుకోండి.

పెన్నా_గట్టు
మా జేజి ఫ్రిజ్ లేని రోజుల్లో ఇసకలో పెట్టేది. వెడల్పాటి మట్టి బానలో పెన్న ఇసక నాలుగు వేళ్ళ మందాన పోసి, దాని మీద గడ్డలు ఒకదానికొకటి తగలకుండా పేర్చి, మళ్ళీ ఇసక, మళ్ళీ గడ్డలు. ఇసక చేత్తో పిడికిలి పట్టి వదిలితే ముద్దలాగా నిలబడాలి గానీ నీళ్ళు కారకూడదు, అంత తేమ. బాన వెనక వసారాలో కుండ నీళ్ళ పక్కన ఉండేది, ఆడ ఎప్పుడూ చల్లగా ఉంటది. సంక్రాంతికి తెచ్చిన గడ్డలు ఫిబ్రవరి మొదటి వారం దాకా వాడేది, నాకు బాగా గుర్తు, మేం ఇసకలో చెయ్యి పెట్టి వెతికి తీసేవాళ్ళం, తిట్టేది. ముల్లంగి, అల్లం కూడా అందులోనే. పెట్టేటప్పుడు ఆకు ఉంటే కోసేసేది, కడిగేది కాదు, గీసుకున్నవి ఏరి ముందు వండేసేది. ఇప్పుడు ఆ బాన మా అక్క వాళ్ళ ఇంట్లో మల్లె మొక్కకి తొట్టి అయింది.

మైపాడు_అల
ఇసకే కదా, మాకు సముద్రం ఇసక ఇంటి ముందే ఉంది, అది పనికొస్తదా?

పెన్నా_గట్టు
వద్దు సామీ. దాంట్లో ఉప్పు ఉంటది, గడ్డలో నీళ్ళన్నీ లాగేస్తది, ఊరగాయ పెట్టినట్టు అయిపోతది. ఏటి ఇసకే కావాలి, అది కూడా ఒకసారి నీళ్ళతో కడిగి ఎండబెట్టి, తర్వాత తేమ చేసుకోవాలి.

హాస్టల్_పైగది
రూములో బాన పెడితే ఓనర్ ఊరుకోడు గానీ తడిగుడ్డ చేస్తాం. థాంక్స్ మేడం.

మల్లెల_గుమ్మం
ఆకుతో సహా వచ్చిన కట్టలు ఎప్పుడైనా దొరుకుతాయి, అవి చూడ్డానికి బలే తాజాగా ఉంటాయి, అట్టాగే పెట్టుకోవచ్చా?

దర్శి_రైతు_బిడ్డ
కొనేటప్పుడు ఆకు మంచి సాక్షి, ఆకు పచ్చగా నిగనిగలాడుతుంటే గడ్డ నిన్ననో మొన్ననో తవ్వింది. ఇంటికి తెచ్చినాక అదే ఆకు శత్రువు, గడ్డలో నీళ్ళు పీల్చి గాల్లోకి వదిలేస్తది. తెచ్చిన వెంటనే తల దగ్గర ఒక వేలు మందం కాడ ఉంచి కోసేయ్. ఆకు పారేయబాక, లేతది ఏరి కందిపప్పులో వేసుకోవచ్చు, వేరుశనగలు వేసి పచ్చడి కూడా చేసుకోవచ్చు.

మల్లెల_గుమ్మం
తల దగ్గర ఆకుపచ్చగా ఉన్న గడ్డలు? బంగాళాదుంప అయితే విషం అంటారు.

కందుకూరు_టీచరమ్మ
బంగాళాదుంపలో సోలనిన్ ఉంటుంది కాబట్టి ఆ భయం. క్యారెట్‌లో అది లేదు. మట్టి పైకి తేలిన భుజానికి ఎండ తగిలి పత్రహరితం వచ్చింది, అంతే. రవ్వంత చేదు ఉంటుంది, ఆ ముక్క కోసేసి మిగతాది వండుకోండి.

ఫ్రిజ్_మెకానిక్_ఓబులు
ఫ్రిజ్ మాట నేను చెప్పాలి, రోజూ ఆరేడు ఇళ్ళు తిరుగుతా. మాగుంట మేడం ట్రేలో పైన ఉన్నవి వంగిపోయాయా, అడుగున ఉన్న వాటికి వేర్లు వచ్చాయా?

మాగుంట_లేఅవుట్_అమ్మ
అవును, మీకెట్టా తెలుసు? వేర్లు వచ్చినవి అడుగున ట్రేకి ఆనుకుని ఉన్నవే.

ఫ్రిజ్_మెకానిక్_ఓబులు
ఇందాక దర్శి అన్న వంగిపోవడం, తడి రెండూ ఎట్టా వచ్చాయి అన్నాడు గదా, అదే జవాబు. మంచు పట్టని రకం ఫ్రిజ్‌లో ఫ్యాను లోపల గాలి తిప్పుతా ఉంటది, ఆ గాలి పొడి గాలి. ట్రేలో కవరు లేకుండా వదిలేస్తే పైవి ఎండుతాయి. మీరు కడిగిన నీళ్ళు అడుక్కి దిగి నిలబడ్డాయి, అడుగువి ఆ తడికి వేర్లు వేసినాయి. ట్రే ముందర చిన్న జరుపుడు బిళ్ళ ఉంటది, ఎవురూ ముట్టుకోరు దాన్ని. అది మూస్తే లోపల తేమ నిలుస్తది, ఆకుకూరలకీ గడ్డలకీ మూసి ఉంచాలి. తెరిస్తే గాలి ఆడతది, పండ్లకి తెరవాలి. రెండు ట్రేలు ఉన్నోళ్ళు ఒకటి పండ్లకి ఒకటి గడ్డలకి పెట్టుకోండి, ఒకటే ఉన్నోళ్ళు పండ్లు పై అరలో పెట్టండి. ఇంకోటి, వెనక గోడకి ఆనించి పెట్టబాకండి, చల్లగాలి రంధ్రం దగ్గర గడ్డకట్టిపోతాయి, కరిగినాక పిండితే నీళ్ళు కారతా మెత్తగా అయిపోతాయి. ఆ గడ్డలు ఇంక బాగుపడవు. కరెంటు పోయినప్పుడు మాటిమాటికీ తలుపు తెరిస్తే లోపల చెమట పట్టి కవర్లో నీళ్ళు చేరతాయి, కరెంటు వచ్చినాక ఒకసారి తీసి తుడవండి.

కావలి_కోడలు
ఆ బిళ్ళ ఏందో అని అయిదేళ్ళుగా చూస్తుండా. మా పాప దాన్ని జరిపి ఆడుకుంటుంది.

పెళ్ళిభోజనాల_కావలి
మేం వంటలు ఒప్పుకుంటాం, ఒక్కో పెళ్ళికి అరవై డెబ్బై కేజీల క్యారెట్ తెస్తాం. మాది వేరే పద్ధతి. ముందు రోజు వచ్చిన సరుకుని చెక్కు తీసి నీళ్ళ డ్రమ్ముల్లో వేసేస్తాం, తెల్లారి టప టప మంటాయి. ఇంట్లో కూడా మా ఆవిడ డబ్బాలో నీళ్ళు పోసి క్యారెట్ మునిగేటట్టు ఫ్రిజ్‌లో పెడుతుంది, మూడు వారాలు నిలుస్తాయి. గుడ్డలూ కవర్లూ ఎందుకు?

కందుకూరు_టీచరమ్మ
నీళ్ళ పద్ధతి పని చేస్తుంది, కాదనను, కానీ నీళ్ళు రోజూ, కనీసం రోజు విడిచి రోజు మార్చాలి. మార్చకపోతే బంక పడుతుంది. చెక్కు తీసి ముక్కలు చేసి రోజుల తరబడి నీళ్ళలో ఉంచితే తీపీ, నీళ్ళలో కరిగే విటమిన్లూ కొంత దిగిపోతాయి. మీ పెళ్ళి వంటకి ఒక రాత్రే కాబట్టి ఫరవాలేదు. ఇంట్లో పది రోజులకయితే నాకు పొడి పద్ధతే నచ్చుతుంది.

పెళ్ళిభోజనాల_కావలి
మేడం మా ఆవిడ రోజూ మారుస్తుంది. మూడేళ్ళుగా చేస్తున్నాం, ఒక్క గడ్డ పారేయలా. రుచిలో తేడా మాకైతే తెలీలేదు.

కందుకూరు_టీచరమ్మ
రోజూ మార్చే ఓపిక ఉంటే మంచిదే. నా ఓపిక నాకు తెలుసు, మూడో రోజుకే మర్చిపోతాను.

బండి_సందు_కుర్రోడు
మేం మిగిలిపోయిన సరుకు పేపర్లో చుట్టి పెడతాం, అది బాగానే ఉంటది.

గూడూరు_జంక్షన్
పేపర్ సిరా మంచిది కాదు గదా తమ్ముడూ, తినే వస్తువులు న్యూస్ పేపర్లో కట్టొద్దని ఆహార భద్రత చూసే కేంద్ర సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ 2016లోనే చెప్పింది. బజ్జీల సంగతి ఎక్కువ చెప్పారనుకో, అయినా తడి గడ్డకి సిరా అంటుద్ది. పాత నూలు పంచె ముక్కలు ఉంటాయి ప్రతి ఇంట్లో, అవి వాడండి.

బండి_సందు_కుర్రోడు
చెక్కు తీసేదే గదా అనుకున్నాం అన్నా. సరేలే, జేజి చీరలు బొచ్చెడు ఉండాయి, చించుతా.

మాగుంట_లేఅవుట్_అమ్మ
ఇప్పుడు వంగిపోయిన అరకేజీ ఉంది నా దగ్గర. దాన్ని ఏం చేయమంటారు?

పెళ్ళిభోజనాల_కావలి
తలా కొనా రవ్వంత కోసి ఐసు నీళ్ళలో వేసి ఫ్రిజ్‌లో పెట్టండి. గంటలో లేస్తాయి, బాగా వాడినవయితే రాత్రంతా ఉంచండి. ముడతలు పడి తోలులాగా అయినవి లేవవు. బంకగా తగిలినా, వాసన మారినా, లోపలికి నల్లబడినా పారేయడమే.

కందుకూరు_టీచరమ్మ
పైన తెల్లగా సుద్దలా ఉందన్నారు, అది బూజు కాదు, గీరుకున్న పై పొర ఎండిపోవడం. తడి వేలితో రుద్దితే మాయమవుతుంది, అదే పరీక్ష. బూజయితే నూగులా లేచి ఉంటుంది. వెంట్రుక వేర్లు గీకేసి తినొచ్చు, కాకపోతే ఆ వేర్లకి తీపి కొంత ఖర్చయి చప్పగా ఉంటాయి.

మల్లెల_గుమ్మం
చవగ్గా దొరికినప్పుడు అయిదు కేజీలు కొని డీప్ ఫ్రీజర్‌లో పెడితే?

కందుకూరు_టీచరమ్మ
పచ్చివి పెడితే రంగూ రుచీ పోతాయి. ముక్కలు కోసి మరిగే నీళ్ళలో రెండు నిమిషాలు వేసి, తీసిన వెంటనే ఐసు నీళ్ళలో ముంచి, తడి ఆర్చి పళ్ళెంలో పరిచి గడ్డకట్టనిచ్చి తర్వాత కవర్లో వేయండి. నెలల తరబడి ఉంటాయి. కుర్మాకి, ఫ్రైడ్ రైస్‌కి పనికొస్తాయి, పచ్చిగా తినడానికి పనికిరావు.

మాగుంట_లేఅవుట్_అమ్మ
ఐసు నీళ్ళలో వేశా. ముప్పావు వంతు లేచి కర్రల్లాగా నిలబడ్డాయి! చెక్కు లోతుగా తీసి కొబ్బరి వేసి వేపుడు చేశా. చేదు చాలా తగ్గింది, చిన్నోడు తిన్నాడు, పెద్దోడు మాత్రం కనిపెట్టాడు. ఈ ఆదివారం మళ్ళీ కేజీ తెచ్చా, తల చూసి, వంచి చూసి. కడగలేదు, తుడిచి పంచె ముక్కలో చుట్టి, నాలుగు చిల్లులు పెట్టిన కవర్లో వేసి ట్రేలో పెట్టా, బిళ్ళ మూసేశా. ఆపిల్స్ పై అరకి పోయాయి.

పొదలకూరు_నిమ్మ
పక్కన నిమ్మకాయలు పెట్టుకో అక్కా, అవి ఏమీ చేయవు. మాకూ బేరం.

ఒంగోలు_గిత్త_99
పదహారు రోజులయింది, డబ్బాలు ఈ రోజు తీశా. ఒక్కటే ఉన్న డబ్బాలో ఆరు గడ్డలు, గట్టిగానే ఉన్నాయి. ఆపిల్‌తో ఉన్న డబ్బాలోవి కూడా చూపుకి అచ్చం అట్టాగే ఉన్నాయి, ఒకదాని తల దగ్గర చిన్న మొలక లేచింది, అంతే తేడా. చూసి పొదలకూరోడు ఓడాడనుకున్నా. చెక్కు తీయకుండా కడిగి ముక్కలు కోసి రెండు పళ్ళాల్లో పెట్టి ఏది ఏదో చెప్పకుండా మా జేజికి ఇచ్చా. ఆమెకి ఎనభై దాటాయి, పళ్ళు ఉన్నది తక్కువ, కానీ నాలిక మా ఇంట్లో అందరికంటే పదును. మొదటి పళ్ళెం తిని మాట్లాడలా. రెండో దాంట్లో ముక్క నోట్లో పెట్టుకుని రెండు సార్లు నమిలి ఊసేసి, "ఇదేందిరా, వేపపుల్ల కోసిన కత్తితో కోశావా" అంది.

పొదలకూరు_నిమ్మ
రెండో పళ్ళెం ఏది?

ఒంగోలు_గిత్త_99
ఆపిల్‌ది.